పాలేనా అన్న మాట

మొన్న ఇందిరా నగర్‌లో మా కోడలు కొత్త టీవీ పెట్టించింది. ఏ దేశపు బొమ్మయినా ఇందులో చక్కగా పడుతుందని బిగించినతను చెబుతుంటే ఆమె సంతోషంగా నా వైపు చూసింది, నేను తల దించుకున్నాను.

ఎనభైల్లో వీడియో డెక్ ఉన్న ఇల్లంటే వీధంతా చెప్పుకునేది, మన వయసు వాళ్ళకు తెలుసు. ఒర్లియంపేటలో మాది అలాంటి ఇల్లు. మా బట్టల కొట్టు కట్టేసి వస్తే సినిమా క్యాసెట్లు పోగేయడమే నాకు పిచ్చి. చదువు రాదు గనక అట్టమీది బొమ్మను బట్టి ఏది ఏ సినిమానో గుర్తుపట్టేవాణ్ణి, ఆ సంగతి పైకి పొక్కనిచ్చేవాణ్ణి కాను. కంటి ఆపరేషనై కట్టు విప్పిన మా అమ్మకు రంగుల సినిమా చూపిస్తానని మాటిచ్చి, ఫ్రెంచి పటాలంలో చేసి వచ్చిన పక్కింటి సొల్దా మామను బతిమాలి, ఆయన ఫ్రాన్సు నుంచి తెచ్చుకున్న పెద్ద టీవీని ఇంటికి తెచ్చాను.

వైరు కలపడానికి వచ్చిన మెకానిక్కు టీవీ వెనక చీకట్లో దూరి "పాలేనా అన్నా?" అన్నాడు. లోపల మా ఆవిడ కాఫీ కలుపుతూ ఉంది. "పాలే తమ్ముడూ, వేరేది మా ఇంట్లోకి రానే రాదు" అన్నాను గొప్పగా. కరెంటు లేక, బొమ్మ చూడకుండానే అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వీధంతా మా హాల్లో కూర్చుంది. పాట మొదలయింది, బొమ్మ పడింది, అంతా బూడిద రంగే. నేను తిప్పని మీట లేదు.

"ఏంది చిన్నాయనా, రంగు యాడ? నీ కొట్లో చీరల మాదిరి ఒక ఉతుక్కే పోయిందా?" అన్నాడు ఎదురింటివాడు. అందరూ విరగబడి నవ్వారు.

ముందు వరసలో కూర్చున్న అమ్మ గట్టిగా అంది: "మీ కండ్లకేమొచ్చిందిరా? ఆ పిల్ల కట్టింది ఎర్ర చీర. నాకు బాగా అగపడతాది."

అందరూ బుద్ధిగా టీవీ వైపు తిరిగారు. జనం నవ్వితే పడ్డ సిగ్గు తెల్లారేసరికి పోయేదే. అమ్మచేత అంత మాట అనిపించిన సిగ్గు మాత్రం ఈనాటికీ పోలేదు.

పాల్ అన్నది మన దేశపు రంగుల పద్ధతి పేరట, ఫ్రాన్సు టీవీది వేరే పద్ధతట, మన క్యాసెట్ల రంగు దానికి అంటదట, ఆ సంగతి టీవీ వెనకే రాసుందట. మెకానిక్కు మర్నాడు చెప్పాడు. వేరే టీవీ తెచ్చేలోపలే అమ్మ పోయింది.

యాభై దాటాక అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పుడు ఎవరి బొమ్మ వాళ్ళు అరచేతిలో చూసుకుంటున్నారు. రంగు పోతే పక్కనుండి నవ్వేవాళ్ళు లేరు. తిరిగొచ్చిన చూపు మళ్ళీ చెడిందని లోకం అనుకున్నా సరే, కొడుకు తల వంగకూడదని లేని ఎరుపు ఉందనేవాళ్ళూ లేరు.