హాస్టల్ నెట్ సారు

జగిత్యాలల మా హాస్టల్ నెట్ చూసే సారు యాదికొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతది. ఎవరి లాప్‌టాప్‌కైనా నెట్ ఆయనే కలపాలె. కానీ ఏనాడూ స్క్రీన్ దిక్కు చూడలే. లాప్‌టాప్‌ను బోర్లేసి, అడుగున అరచెయ్యి పెట్టి, పసిపిల్లకు జ్వరం చూసినట్టు చూసేటోడు.

"వేడిగున్నది. వైరస్ ఉన్నట్టే, తీస్కపో" అనేటోడు.

సిరిసిల్లల మా నాయిన బట్టలు నేసే సాంచాలు నడిపి కొనిచ్చిన కొత్త లాప్‌టాప్‌కు కూడ గదే రోగం అంటగట్టిండు. వారమంతా బతిమిలాడితే ముక్కుకుంట కలిపిండు.

తెల్లారి ఆయుధపూజ. సారు నెట్ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, దాని మీదనే కొబ్బరికాయ కొట్టిండు. నీళ్లు లోపలికి పోయినయి. టప్పుమని హాస్టలంతా నెట్ బందయింది. పలిగిన చిప్పలు చేతుల ఉండంగనే నా దిక్కు తిరిగి, "నిన్న కలిపిన నీ లాప్‌టాప్ వైరస్సే గిట్ల చేసింది" అన్నడు. అందరు నన్నే చూసిండ్రు. ఆ రోజు పంపాల్సిన ప్రాజెక్టు నా ఫోన్ నెట్‌తోని పంపుకున్న.

పండుగ సెలవులైనంక సారే నా దగ్గరికొచ్చిండు.

"బిడ్డా, జర నీ ఫోన్ నెట్ ఇయ్యి. హాస్టల్ నెట్ మంచిగ నడుస్తున్నదని పెద్దసారుకు మెయిల్ కొట్టాలె."

ఇచ్చిన. పాస్‌వర్డ్ ఏందని అడిగిండు.

"కొబ్బరికాయ" అన్న.

ఆయన మొఖంల ఏ మార్పూ లేదు. ఒక్కో అక్షరం పలుక్కుంట కొట్టిండు. నెట్ కలిసింది.

"సూసినవా, నా చెయ్యి పడితే ఎట్ల కలుస్తదో!" అన్నడు.