బావ కొన్న మూల ప్లాటు

మా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు కాస్త కుదురుకోగానే స్థలాల మాటలు మొదలుపెడతారు. "నరసరావుపేటలో ఏ వైపు కొంటే బాగుంటుంది సార్? గుంటూరు అయితే నయమా?" అని నన్ను అడుగుతుంటారు. ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి అని అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. ఆ తరవాత, ఏజెంటు కారెక్కకుండా మీ అంతట మీరు వెళ్లి పక్కన కాపురముంటున్న వాళ్ల దగ్గర ఒక పూట కూర్చోండి, అంతకుముందు ఆ నేలలో ఏముండేదో అడగండి అంటాను. కొందరు సరేనంటారు, కొందరు నవ్వి ఊరుకుంటారు. మా బావ సంగతి వాళ్లకు తెలియదు.

బావ, అంటే మా అక్క భర్త, ఆర్టీసీలో డ్రైవరు. మాచర్ల నుంచి గుంటూరుకు బస్సు నడిపి నడిపి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. సర్వీసంతా అద్దె ఇళ్లలోనే గడిచింది. రిటైరయినప్పుడు వచ్చిన సొమ్ముతో నరసరావుపేట శివార్లలో స్థలం కొని చిన్న ఇల్లు కట్టుకోవాలనుకున్నారు ఇద్దరూ.

చూడటానికి వెళ్లినప్పుడు నేనూ ఉన్నాను. ఎండాకాలం. ఎర్రమట్టి నున్నగా చదును చేసి, రోడ్లు వేసి, రాళ్లు పాతి, వరసగా మొక్కలు నాటారు. బావకు వెంచర్ చివర మూల ప్లాటు నచ్చింది. దాని గోడ అవతల ఒక కాలనీ, కాలనీలో చిన్న చర్చి. బావ అన్ని విధాలా జాగ్రత్త మనిషి. నీళ్లు ఎంత లోతులో పడతాయి, వానాకాలం మురుగు ఎటు పోతుంది, రోడ్డు ఎంత వెడల్పు, అన్నీ అడిగాడు. కాగితాలు ఇద్దరు లాయర్లకు చూపించాడు. ఇద్దరూ బాగున్నాయన్నారు. నిజంగానే బాగున్నాయి. బావ అడగనిది ఆ గోడ అవతలి వాళ్లను మాత్రమే.

శంకుస్థాపన అయ్యాక పునాదులు తవ్వడానికి పొక్లెయిన్ పెట్టారు. తూర్పు వైపు గుంట తీస్తుండగా డ్రైవరు ఉన్నట్టుండి ఇంజను ఆపేశాడు. బకెట్ నుంచి జారిన మట్టిలో ఎముకలు కనిపించాయి. ముందు ఏ గొడ్డువో అనుకున్నాం. వాటి మధ్య పచ్చ గాజుముక్కలున్నాయి. తాపీమేస్త్రి పనిముట్లు సర్దుకుని రోడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు.

కబురు ఎలా పోయిందో, గోడ అవతల నుంచి జనం వచ్చారు. వాళ్లలో ఒక ముసలామె గుంట అంచున కూర్చుని, చెయ్యి చాపి ఆ గాజుముక్కలు తీసుకుంది. ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మా పిల్లకు గాజులేసే పెట్టాం అయ్యా. ఇదేనో కాదో నాకు తెలవదు. ఈడ చానామంది పిల్లలున్నారు."

బావ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఇది సమాధుల దొడ్డా అమ్మా?"

"పెద్ద ఆసామి ఉన్నప్పుడు ఈ మూల మీరు వాడుకోండన్నాడు. కాయితమేం రాసీలా. ఆయన పొయినాక కొడుకులు అమ్ముకున్నారు. రాళ్లూ సిలవలూ మిషన్‌తో నెట్టేశారు. ఆపీసుల చుట్టూ తిరిగాం. రికార్డులో లేదన్నారు."

"నన్నేం జెయ్యమంటావు?"

"నువ్వేం జేస్తావులే. ఎక్కడియ్యి అక్కడ పెట్టి మన్ను గప్పించు. అంతే."

సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశాడు. బావ ఆ గుంట పూడ్పించాడు. మిగతా గుంటలు కూడా పూడ్చమన్నాడు.

మర్నాడు మేమిద్దరం వెంచర్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. "కాగితాల్లో శ్మశానమని యాడన్నా ఉందా? లేదు గదా. శాంతి చేయించుకుని కట్టుకోండి పెద్దాయనా. ఊళ్లో ఏ నేల కింద ఏముందో ఎవరు చూశారు?" లాయర్లు కూడా కేసు నిలవదన్నారు. తరవాతి వారం మిగతా ప్లాట్ల వాళ్లు బావ ఇంటికొచ్చారు. "ఈ మాట బయటికి పోతే మా స్థలాలు ఎవడూ కొనడు. మీ పుణ్యముంటది, నోరెత్తబాకండి" అని బతిమాలారు. ఒకతను వెళుతూ వెళుతూ బెదిరించాడు కూడా.

కొన్నాళ్లకు బావ ఆ ప్లాటు అమ్మకానికి పెడితే, నూజెండ్ల వైపు నుంచి ఒక జంట కొనడానికి వచ్చింది. ధర కూడా కుదిరింది. బావ వాళ్లను స్థలం దగ్గరికి తీసుకెళ్లి, ఆ అమ్మాయి కడుపుతో ఉండటం చూసి, ఉన్నదంతా చెప్పేశాడు. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ రోజు అక్క అన్నం వండలేదు.

"నిన్నెవరు చెప్పమన్నారయ్యా? మనకు ఎవరన్నా చెప్పారా?"

"చెప్పలేదుగా. అందుకే గదా ఇట్టా అయింది."

"నువ్వు ధర్మరాజువైతే నేను ఈ అద్దె కొంపలోనే చావాలన్నమాట."

ఆ తరవాత వాళ్లిద్దరి మధ్య మాటలు బాగా తగ్గిపోయాయి. వెంచర్‌లో ఇళ్లు ఒక్కొక్కటే లేచాయి. గృహప్రవేశాలకు పిలిచినా బావ వెళ్లలేదు.

పోయిన ఏడాది బావకు పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ఉండగానే పోయాడు. అంబులెన్సు గుంటూరు దాటుతుండగా, బావవాళ్లు అద్దెకున్న ఇంటాయన నాకు ఫోన్ చేశాడు.

"ఏమీ అనుకోబాకండి మాష్టారూ. మా కోడలు నిండు నెలలతో ఉంది. శవాన్ని ఇంటికి తేబాకండి."

నేను వేరే ఊళ్లో మేడ మీద చిన్న వాటాలో అద్దెకుంటాను. అక్కడా అదే మాట అంటారు. అక్క బావ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోన్లో మాటలు వినిపించాయనుకుంటాను. నా వైపు చూడకుండానే, "మన స్థలానికి పోనియ్యమను" అంది.

తుమ్మమొక్కల మధ్య కాస్త చోటు చదును చేసి ఐస్ బాక్స్ దించాం. వెంచర్ ఇళ్లలో కొందరు తలుపులు వేసుకున్నారు. కాలనీ వాళ్లు చర్చి నుంచి కుర్చీలు, షామియానా తెచ్చారు, కరెంటు వైరు గోడ మీదుగా లాగి ఇచ్చారు. ఆ ముసలామె టీ గ్లాసు తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అక్క తాగలేదు, గ్లాసు కూడా వదల్లేదు. పూడ్చిన తూర్పు మూల వైపు ఎవరూ నడవకుండా కాలనీ మనుషులే అడ్డంగా నిలబడ్డారు. పొద్దు వాలకముందే బావను శ్మశానానికి తీసుకెళ్లాం.

అక్క ఇప్పుడు నా దగ్గర ఉంటుంది. ఏజెంట్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. అక్కడ ధరలు పెరిగాయంటారు, పాత సంగతులు ఎవరికీ గుర్తులేవంటారు. అక్క "అమ్మం" అని పెట్టేస్తుంది. ఎందుకో నాకు చెప్పదు, నేనూ అడగను. ఖాళీ స్థలం పన్ను ఏటా నేనే వెళ్లి కట్టి వస్తున్నాను.