అత్త అడిగిన మంచినీళ్లు

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చేటప్పటికి నేను తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల లారీల వెనక ఇరుక్కున్న బస్సులో ఉన్నాను. గుండెపోటట. వట్లూరులో అత్త ఇంటికి చేరేసరికి చర్చివాళ్లు వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. ఏడుపుకంటే ముందు నాకు కోపమే వచ్చింది. ఆవిడ వదిలేసి వెళ్లిన పని ఇప్పుడెవరు చేస్తారు?

టీచరుగా రిటైరయ్యాక అత్త ఒక స్వచ్ఛంద సంస్థలో చేరింది. ఉద్యోగమని నమ్మించి అమ్మేసిన ఆడపిల్లల్ని విడిపించి ఇళ్లకు చేర్చే కార్యక్రమం వాళ్లది. అది నిజంగా పనిచేస్తోందా లేదా అని ఊరూరా తిరిగి చూడటం అత్త పని. ఆకివీడు నుంచి చింతలపూడి దాకా నా స్కూటీ వెనక కూర్చునే తిరిగింది. గతుకు తగిలినప్పుడల్లా, "మెల్లగా తల్లీ, నన్ను కూడా ఇంటికి చేర్చాలి నువ్వు" అనేది.

ఆవిడ పెట్టే పరీక్ష ఒక్కటే. ఏ ఇంటికెళ్లినా అరుగు మీద కూర్చుని, తిరిగొచ్చిన పిల్లనే పేరుపెట్టి పిలిచి, "కాసిని మంచినీళ్లిస్తావా అమ్మా?" అని అడిగేది. పిల్ల తెచ్చిస్తే గటగటా తాగేసి, ఇంక పెద్దగా ప్రశ్నలు వేసేది కాదు. పిల్లను లోపలే ఉంచి వేరేవాళ్లు తెస్తే మాత్రం ఆవిడ మొహం మాడిపోయేది. ఆ ఇంట్లో మంచినీళ్ల బిందె ఆ పిల్లని ముట్టుకోనివ్వడం లేదన్నమాట. ఒక ఇంటిని ఎలా చూడాలో నాకు నేర్పింది ఆవిడే.

కొల్లేరు లంకలో ఒక అమ్మాయి ఉండేది. రొయ్యల ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తానని తెలిసినావిడే తీసుకెళ్లి అమ్మేసింది. పోలీసులు విడిపించి ఇంటికి తెచ్చారు. సంస్థ ఆఫీసులో మిఠాయిలు పంచుకున్నారు. మేం వెళ్లి అత్త ఆ పిల్లని పిలిస్తే, నీళ్లు తల్లి తెచ్చింది.

"దానికి ఒంట్లో బాగోలేదండీ. మీరు తాగండి."

తలుపు సందులోంచి ఆ పిల్ల మమ్మల్నే చూస్తోంది.

"దాని చేత్తోనే తాగుతానమ్మా" అని అత్త గ్లాసు కింద పెట్టేసింది. తల్లి కదల్లేదు. పొద్దువాలేదాకా కూర్చుని, దాహంతోనే లేచి వచ్చేశాం.

మర్నాడు ఏలూరు ఆఫీసులో, "ఇది ఫెయిలైందని రాయండి" అంది అత్త.

"అమ్మాయి ఇంట్లోనే ఉంది కదండీ మేడంగారూ! నీళ్ల గ్లాసుకి రిపోర్టులో కాలమ్ ఎక్కడుందండీ?" అన్నాడు అక్కడి కుర్ర ఆఫీసరు.

"లేకపోతే గీయండి బాబూ. గుమ్మం దాకా తెచ్చారు, బాగానే ఉంది. ఇంట్లోకి రానిచ్చారా లేదా అదీ చూడండి."

గీయలేదు. సక్సెస్ అనే రాసుకున్నారు. అత్త ఆ ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లింది. నీళ్లు తల్లే తెచ్చేది. వానలు మొదలయ్యేసరికి ఆ పిల్ల ఇంట్లో లేదు. ఈసారి ఎవరూ మోసం చెయ్యలేదు. అమ్మేసిన ఆవిడ దగ్గరికి తనంతట తనే వెళ్లిపోయింది. తను చనిపోయేదాకా అత్త ఆ పిల్లని వెతుకుతూనే ఉంది. దొరకలేదు.

సమాధి దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి వాకిట్లో ఆ పిల్ల తల్లి ఒక్కత్తే నిలబడి ఉంది. చేపల లారీ ఎక్కి వచ్చిందట. ఎండకి పెదాలు పగిలిపోయాయి. నేను లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. గ్లాసు రెండు చేతులా పట్టుకుంది గానీ తాగలేదు.

"ఆ రోజు దానిచేత ఇప్పించాల్సిందండీ" అంది.

చర్చివాళ్లు కుర్చీలన్నీ ఎత్తేశారు. ఆవిడ ఇంకా ఆ గ్లాసు పట్టుకునే నిలబడి ఉంది.