తాళంచెవి నాన్న దగ్గరే ఉంది

తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలో ఉన్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా నాన్న ఎల్బీ నగర్‌లో ఒక సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కు. సమ్మె మొదలైన రోజు గేటుకు తాళం వేసింది ఆయనే.

ఆ రోజుల్లోనే లారీ తగిలి ఆయన కాలు నుజ్జయింది. మొదటి ఆపరేషన్‌తోనే వైద్యానికి సర్కారు ఇచ్చే డబ్బు అయిపోయింది. రెండోదానికి మేం విడిగా కట్టుకున్న బీమా ఉంది. ఆ కంపెనీ మాత్రం, సర్కారు ఎంత ఇచ్చిందో ఆఫీసు ముద్రతో రాయించుకు రమ్మంది. జీతం లేదు, అప్పు పుట్టలేదు. కంపెనీ ఒప్పుకునేదాకా ఆపరేషన్ చేసేది లేదన్నారు దవాఖాన వాళ్లు.

"తాళంచెవి ఇయ్యి నాయినా. ముద్ర ఇక్కడికే తెస్త" అని బతిమాలాను.

"మొన్న మా ఆఫీసుల పనిచేసే ఒకాయన భార్య వచ్చి, మొగుని ఆపరేషన్‌కు గిదే ముద్ర అడిగింది. సమ్మె అయినంక రమ్మన్న. ఇప్పుడు నాకోసం ఎట్ల తీస్త?"

చీము పట్టి, ఆ కాలు మోకాలి దాకా తీసేశారు.

సమ్మె ముగిశాక చంకకర్రల మీద వెళ్లి నాన్నే గేటు తీశాడు. పక్కన నేనున్నాను. అందరికంటే ముందు, మొన్న ముద్ర అడిగిన ఆమే వచ్చింది. మొగుడు పోయాడట. నాన్న ఆమె కాగితం మీద ముద్ర కొట్టాడు. ఆమె ఖాళీగా వేలాడుతున్న ఆయన ప్యాంటు కాలి వైపు చూసింది.

"మీరు నయం సారూ. కాలే పోయింది" అని వెళ్లిపోయింది.

తెలంగాణ వచ్చిన రోజు మా కాలనీవాళ్లు నాన్నకు దండలు వేసి, ఆయన త్యాగం గురించి మైకులో చెప్పారు. నాన్న తల ఎత్తలేదు. ఆయన కాలు ఆయన ఇచ్చుకున్నాడు, సరే. ఆమె మొగుణ్ణి ఎవరిని అడిగి ఇచ్చాడు?