మావయ్యగారి గదిలో కరెంటు

ఆ మధ్యాహ్నం నాగాయలంకలో, కొత్త అల్లుడి హోదాలోనే, నేను పరలోకం చేరవలసింది. తప్పించుకుని నవ్వులపాలయ్యాను. రెండింట్లో ఏది నయమో మీరే చెప్పండి.

కిందటేడు ప్రభువునందు నిద్రించిన మా మావయ్యగారి గదిలో ప్లగ్గు సాకెట్టు కాలి నల్లబడింది. సాయంత్రం ఆ గదిలోనే ఆయన జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారి మైకు అక్కడే పెట్టాలి.

"ఎలక్ట్రీషియన్ని పిలుద్దాం బాబూ," అన్నారు అత్తయ్యగారు.

"ఈమాత్రానికి ఎలక్ట్రీషియనెందుకండీ? నేనున్నానుగా!"

పెళ్ళిచూపుల్లో కరెంటు పనులన్నీ వచ్చని కోతలు కోశాను మరి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేనేమో నేరుగా అత్తింట గెలవబోయాను.

మెయిన్ ఆపాను. ఫ్రిజ్జు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. ఇల్లంతా నిశ్శబ్దం. బయట ముసురు, గదిలో మసక, గోడ మీద మావయ్యగారి ఫోటో. జేబులో టెస్టరుంది గానీ తీయలేదు. మెయిన్ ఆపేశాక టెస్టరెందుకని నా ధీమా! ప్లేటు విప్పి వైరు పట్టుకోబోతుంటే మెడ మీద చల్లగా గాలి తగిలింది.

తలెత్తాను. ఉక్కపోతకి ఇందాక అవతలి మూల ప్లగ్గులో నేను వేసుకున్న ఆయన టేబుల్ ఫ్యాను ఇంకా తిరుగుతోంది. కరెంటు లేని ఇంట్లో! అది నెమ్మదిగా మెడ తిప్పి నన్ను చూసింది. అటు తిరిగి, మళ్ళీ నన్నే చూసింది. జేబులోంచి టెస్టరు తీసి వైరుకి ఆనిస్తే ఎర్రగా వెలిగింది.

ఫోటో ముందు మోకరించాను.

"మావయ్యగారూ, క్షమించండి! నాకు కరెంటు పని రాదండీ! గుడివాడలో మా ఇంట్లో బల్బు కూడా మా అమ్మే మారుస్తుంది! మీ అమ్మాయికి అబద్ధం చెప్పానండీ!"

"అల్లుడుగారూ, ముట్టుకోమాకండి!" కిటికీ అవతల నుంచి మగగొంతు పలికింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. తీరా చూస్తే, కేక విని పరిగెత్తుకొచ్చిన పక్కింటి రత్నం బాబాయి.

"ఆ గదికి కరెంటు మా ఇంట్లోంచేనండీ! తుపానుకి మీ వైరు తెగితే మీ మావయ్యే లాగించుకున్నాడు. తర్వాత తీయించడం అందరం మర్చిపోయాం. ఉండండి, ఆపేస్తా."

ఫ్యాను ఆగింది. చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాను. గుమ్మంలో అత్తయ్యగారు, నా భార్య, కాస్త ముందుగా వచ్చేసిన పాస్టరుగారు.

"ఆయన విన్నారో లేదో గానీ బాబూ," అన్నారు అత్తయ్యగారు, "మేమందరం విన్నాం."

సాకెట్టు ఎలక్ట్రీషియనే మార్చాడు. నేను మాత్రం ఆ రోజే బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: మెయిన్ ఆపినా సరే, టెస్టరు పెట్టి చూడనిదే ఏ వైరునూ ముట్టను. పోయినవాళ్ళకి నిజాలు చెప్పుకోవలసి వస్తే, ముందు తలుపు గడియ పెట్టనిదే నోరు విప్పను.