కామ్‌రేజ్ బడిలో కుంటను కాపాడుకున్న రోజు

మా బడి వెనక ఖాళీ స్థలంలో స్థానిక మొక్కలు పెంచి, పిట్టలకూ సీతాకోకచిలుకలకూ చోటివ్వాలని రెండేళ్లుగా అడుగుతున్నాను. "పాములొస్తాయి" అన్న ఒక్క మాటతో ప్రతిసారీ ఆగిపోతోంది. సూరత్ దగ్గర కామ్‌రేజ్‌లో ఆ పని చేసి చూపించిన, తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన సైన్సు టీచరు పద్మ గురించి తెలిసి, వానలు తగ్గగానే బయలుదేరాను.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కితే మర్నాడు పొద్దున సూరత్‌లో దిగాను. స్టేషన్ బయట శనగపప్పుతో చేసే వేడివేడి లోచో తిని ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలస వచ్చిన కుటుంబంవాడు. నా ఫోన్ మాటలు విని, "మనోళ్లేనా మేడం? కూసోండ్రి, ట్రాఫిక్ లేకుంటే జల్దీనే పోతం" అన్నాడు. హైవే మీద ముప్పావు గంట పట్టింది.

బడి గేటు దగ్గర ఒక జేసీబీ నిలబడి ఉంది. ముందురోజు బడి తోటలో పద్మ తవ్వించిన కుంట దగ్గర పాము కనిపించిందట. తల్లిదండ్రులు గొడవ చేయడంతో కుంట పూడ్చడానికి ప్రిన్సిపల్ జేసీబీని పిలిపించారు. పద్మ నన్ను పలకరించి, నేరుగా వాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది.

"మా బిడ్డ నాలుగో క్లాస్. ఏమన్న అయితే ఎవలు జవాబ్ జెప్తరు? గీ జంగల్ సాఫ్ చేయించుండ్రి" అని, అలాగే మగ్గాల పనికి వలస వచ్చిన లక్ష్మి అనే తల్లి గట్టిగా అడుగుతోంది.

"నీ భయం తప్పు గాదక్కా," అంది పద్మ. "నిన్నటిది జెర్రిపోతు, విషం లేదు. గానీ అన్నీ గట్లనే ఉంటయని నేను జెప్ప. దారి పొంటి గడ్డి కోపిస్త, కుంట సుట్టూ జాలీ కట్టిస్త. పెద్దోళ్లు లేకుండ పిల్లల్ని పంప. పూడుస్తమంటె మాత్రం ఒప్పుకోను."

ప్రిన్సిపల్ జేసీబీ డ్రైవరుకు ఆగమని చెయ్యి చూపించారు. "పద్మాబెన్, ఏక్ మహీనా" అన్నారు, ఒక నెల గడువిస్తూ. జేసీబీ వెనక్కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా బూట్లు వేసుకుని గడ్డి కోశాం. మొదట దూరంగా నిలబడిన లక్ష్మి, కాసేపటికి చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చి జాలీ రెండో కొస పట్టుకుంది. "జర గట్టిగ గుంజుండ్రి మేడం, వదులుగుంటె ఏం ఫాయిదా?" అని నన్నే గదమాయించింది. పిల్లలు చేతులు కడిగిన నీళ్లతో నిండే ఆ చిన్న కుంట మీద తూనీగలు ఎగురుతున్నాయి. ఎండిన కొమ్మ మీంచి లకుముకిపిట్ట ఒక్కసారిగా నీళ్లలోకి దూకి చేపతో లేచింది. లక్ష్మి జాలీ వదలకుండానే దాన్ని చూస్తూ ఉండిపోయింది.

గడువు ముగిశాక పద్మ ఫోన్ చేసింది. కుంట ఉంది, ఇంకో ఫిర్యాదు రాలేదు. నేను అక్కడ నేర్చుకున్నది మొక్కల పెంపకం కన్నా భయపడేవాళ్లతో మాట్లాడే పద్ధతి. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకూడదు, మన పనినీ వదులుకోకూడదు. ఈసారి మా హెడ్మాస్టరు దగ్గరికి ముందు దారి, కంచె ఎక్కడ వేస్తామో చెప్పడానికే వెళ్లాను. ఆయన ఒప్పుకున్నారు; మొన్న సోమవారం మా బడి వెనక తవ్వకం మొదలైంది.

మీరూ ఇలాంటి బడిని చూడ్డానికి వెళ్తే ముందుగా అనుమతి తీసుకోండి, వాన వెలిసిన వారాల్లో వెళ్లండి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. ఊరికే చూసి రానివ్వరు, ఏదో ఒక పని చేతికిస్తారు.