కళాయి పోయిన కప్పు

నానిన చింతపండు వాసన తగిలి మా ఆయన వంటింట్లోకి తొంగిచూశాడు. "పులిహోర చేస్తున్నావా?" అన్నాడు ఆశగా. సింకులో బోర్లించి ఉన్న రెండు చెవుల ఇత్తడి కప్పు కనబడగానే, "ఓ, జూన్ వచ్చేసిందా" అనుకుంటూ లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు మేముంటున్న ఆష్‌బర్న్‌లో ఇరుగుపొరుగులకి జూన్ అంటే పిల్లల సెలవులు, స్విమ్మింగ్ పూల్ పాసులు. నాకేమో గుప్పెడు చింతపండు, చారెడు ఉప్పు, ఏడాదిగా నల్లబడిన ఇత్తడి, దాన్ని బొటనవేలు నొప్పెట్టేలా రుద్దుతుంటే కిందనుంచి కొంచెం కొంచెంగా బయటపడే పచ్చని మెరుపు. ఆ పులుపు వాసన మోచేతులదాకా ఎక్కేసరికి నేను ఆష్‌బర్న్‌లో ఉండను. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ల వెనక పార్కులో, మోకాళ్ళనిండా బురదతో ఉంటాను.

మేం తెనాలి నుంచి అక్కడికి వచ్చేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు, ఆకులు ఎర్రబడి రాలుతున్న రోజులు. అపార్ట్‌మెంట్ మెట్లమీద ఒక తలుపు దగ్గర ఇంగువ పోపు, ఇంకో తలుపు దగ్గర డ్రయర్‌లోంచి వచ్చే వెచ్చని సబ్బు వాసన, బయట ఆకులు ఊదే యంత్రాల రొద, ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా మెత్తటి కార్పెట్. అన్నీ బాగానే ఉన్నాయిగానీ నాకు నోరు పోయింది. బడిలో టీచరు అడిగినదానికి జవాబు తెలిసినా ఇంగ్లిష్‌లో కూడబలుక్కునేలోపు ఇంకెవరో చెప్పేసేవారు. ఇంటికొచ్చి, అమ్మకి కనపడకుండా బాత్‌రూమ్‌లో ఏడ్చి, ముఖం కడుక్కుని పార్కుకి వెళ్ళేదాన్ని.

ఆ పార్కు చివర ఇంగ్లిష్ హెచ్ అక్షరంలా నిలబెట్టిన గోల్‌పోస్టులుండేవి. వాటి దగ్గర సాయంత్రాలు పదిమంది పిల్లలు ఒక గుండ్రటి తెల్ల బంతిని తన్నుతూ, చేత్తో పట్టుకుని పరిగెడుతూ, మళ్ళీ తన్నుతూ కనిపించేవారు. మెడలో ఆకుపచ్చ తాడుకి నల్ల విజిల్ వేసుకున్న ముసలాయన ఒకడు వాళ్ళని అదిలిస్తుండేవాడు. ఒకరోజు బంతి గాల్లోకి లేచి సరాసరి నా మీదికి వచ్చింది. తెనాలిలో మా బడి ఆడపిల్లలందరం త్రోబాల్ ఆడి పెరిగినవాళ్ళమే, పైనుంచి వచ్చే బంతిని రెండు చేతులా పట్టుకోవడం మాకు అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నంత అలవాటు. పట్టుకున్నాను. ముసలాయన విజిల్ ఊదడం ఆపి, ఇంకోటి విసరమని సైగ చేశాడు. అదీ పట్టుకున్నాను. ఆయన తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. అమెరికాలో నేను నోరు తెరవకుండానే నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన.

ఆయన పేరు టైర్నీ. ఐర్లండ్ నుంచి కుర్రతనంలో వచ్చి, ఊళ్ళో ఇళ్ళకి కొయ్యపని చేసి రిటైరైన మనిషి. ఆయన ఇంగ్లిష్ కూడా నా ఇంగ్లిష్‌లాగే ఎక్కడో వేరేచోటిది కావడంతో మా ఇద్దరికీ కుదిరింది. అందరూ మిస్టర్ టైర్నీ అనేవారు. నేను అలవాటుకొద్దీ అంకుల్ అన్నాను. నెల తిరిగేసరికి జట్టంతా, ఎర్రజుట్టు పిల్లలతో సహా, ఆయన్ని అంకుల్ అనడం మొదలుపెట్టింది.

ఆ ఆట ఐర్లండ్‌వాళ్ళ గేలిక్ ఫుట్‌బాల్. బంతి చేత్తో పట్టుకోవచ్చు, కానీ నాలుగడుగులు దాటితే నేలకి కొట్టాలి, లేదా కాలి బొటనవేలితో మళ్ళీ చేతిలోకి ఎగరేసుకోవాలి. అడ్డకర్ర పైనుంచి వెళితే ఒక పాయింటు, కింద వలలో పడితే మూడు. పెద్దవాళ్ళ పెద్ద పోటీలు న్యూయార్క్‌లో, బోస్టన్‌లో జరిగేవట, వాటి సంగతి మాకు పట్టేది కాదు. మాకున్నది రెండు నదుల కప్పు. రారిటన్, డెలవేర్ నదుల మధ్యనున్న మూడు ఊళ్ళ పిల్లల జట్లకి ఏడాదికోసారి, జూన్‌లో ఒక ఆదివారం జరిగే పోటీ. టైర్నీ అంకుల్, ఆయన స్నేహితులిద్దరూ తమ పిల్లలకోసం దాన్ని మొదలుపెట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై చెల్లాచెదురైపోయినా పోటీ ఆపడానికి ముగ్గురికీ మనసొప్పక, పార్కులో కనిపించిన పిల్లలతో జట్లు నింపేవారు. అందుకే మా జట్టులో ఐరిష్ ఇంటిపేర్లవాళ్ళతోపాటు ఇద్దరు తెలుగు పిల్లలం, ఒక గుజరాతీ అబ్బాయి, గోల్ దగ్గర ఒక కొరియన్ అమ్మాయి ఉండేవాళ్ళం.

ఆ రోజుల్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఏప్రిల్ వాన తర్వాత కోసిన గడ్డి వాసన, పసుపుపచ్చ డాండెలైన్ పూలు అతుక్కున్న మేజోళ్ళు, సగం ఆటలో ఎవరి అమ్మో ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చే చల్లటి నారింజ తొనలు, వాటి రసం గీసుకున్న మోచేతికి తగిలి చుర్రుమనడం, ఆట అయ్యాక పొయ్యిమీద చిటపటలాడే సాసేజీలు, మేం తిననివి, వాసన మాత్రం కడుపునిండా పీల్చుకున్నవి, ఎండుద్రాక్షలు వేసిన గట్టి రొట్టె, పెద్ద ఫ్లాస్కులోంచి అందరికీ పోసే పాల టీ. ఆ టీ చూసే మా అమ్మమ్మ వాళ్ళని దగ్గరివాళ్ళ కింద లెక్కవేసింది. తెనాలి నుంచి ఆర్నెల్లకని వచ్చిన అమ్మమ్మ, మడత కుర్చీలో శాలువా కప్పుకుని ఆట చూసేది.

"తన్నుద్దా, పట్టుకుద్దా, ఏదో ఒకటి తేల్చుకోమనవే," అనేది. కాసేపటికి, "టీలో మాత్రం పాలు బాగా పోస్తార్లే. మంచోళ్ళే," అనేది.

నాకు పదకొండేళ్ళప్పుడు మా జట్టు కప్పు గెలిచింది. ఆఖరి నిమిషంలో మా గోల్ ముందుకి ఎత్తుగా వచ్చిన బంతిని ముగ్గురి మధ్యనుంచి ఎగిరి పట్టుకున్నది నేనే. ఇది గొప్పకోసం చెప్పడం లేదు అంటే అబద్ధమవుతుంది, గొప్పకోసమే చెబుతున్నాను. గెలిచిన జట్టు పిల్లల ఇళ్ళల్లో కప్పు వంతులవారీగా ఉండడం ఆనవాయితీ. ఇంటిపేర్ల వరస ప్రకారం తిరిగేది. మా ఇంటిపేరు ఇంగ్లిష్‌లో వై అక్షరంతో మొదలవుతుంది కాబట్టి అందరి ఇళ్ళూ తిరిగి, మళ్ళీ పోటీకి వారం ముందు మా ఇంటికి చేరింది. పాతబడిన వెండి కప్పు. చుట్టూ గెలిచిన ఊళ్ళ పేర్లు చెక్కి ఉండేవి. చెవుల దగ్గర, అంచుల దగ్గర తెల్లపూత పెచ్చులు లేచి, మిగతాచోట్ల నల్లగా ఉండేది. నేను దాన్ని టీవీ పక్కన పెట్టుకుని, నిద్ర లేవగానే వెళ్ళి చూసుకునేదాన్ని.

శుక్రవారం బడినుంచి వచ్చేసరికి టీవీ పక్కన కప్పు లేదు. వంటింట్లో అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, సింకు ముందు ఆయాసపడుతోంది. గట్టుమీద చింతపండు పిప్పి, నల్లగా మారిన స్టీల్ పీచు. ఆమె చేతిలో, మా దొడ్లో నీళ్ళ బిందె మెరిసినట్టు పచ్చగా ధగధగలాడుతూ నా కప్పు.

"బయట కళాయి పూసి చచ్చారేంటే వీళ్ళు? కళాయి లోపల గదా పుయ్యాల్సింది," అంది అమ్మమ్మ. "పెచ్చులు లేచిపోతంటే ఎవరికీ పట్టలా. మొత్తం గీకి పారేశా. చూడు, లోపల ఎంత మంచి ఇత్తడి ఉందో."

ఆఫీసునుంచి వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "అది కళాయి కాదమ్మా, వెండి పూత. ఎంత పని చేశావమ్మా," అని కుర్చీలో కూలబడింది. అమ్మమ్మ చేతిలోని కప్పు వంకా మా ముఖాల వంకా మార్చి మార్చి చూసింది. గిన్నె ఎవరింటినుంచి వచ్చినా తోమి ఇవ్వడం తప్ప ఇంకో సంగతి తెలియని మనిషి. ఆమె ముఖం చిన్నబోవడం చూసి నాకు కప్పు పోయిన బాధ ఒకవైపు, ఆమెమీద జాలి ఒకవైపు. ఆ రెంటికన్నా పెద్దది భయం. ఊరంతటిలో నాకు చోటున్నది ఆ మైదానంలోనే. ఇన్నేళ్ళ కప్పుని పాడుచేసినవాళ్ళ పిల్లని మళ్ళీ ఎవరు ఆడనిస్తారు?

నాన్న ఆ రాత్రంతా ఇంటర్నెట్‌లో వెండిపూత వేసేవాళ్ళకోసం వెతికాడు. ఆదివారంలోపు ఎవరూ చెయ్యలేమన్నారు. ఇక ఆఫీసు మెయిల్ రాసినట్టు ఒక క్షమాపణ తయారుచేసి నాచేత వల్లె వేయించాడు. శనివారం పొద్దున అమ్మమ్మ మినుములు వేయించడం మొదలుపెట్టింది. పొగకి అలారం మోగింది. నాన్న కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ, "ఇప్పుడు సున్నుండలేంటి అత్తయ్యగారూ?" అన్నాడు.

"ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపిస్తామా బాబూ," అంది అమ్మమ్మ, నెయ్యి కరగబెడుతూ. "తప్పు చేసి గూడానా?"

ఆదివారం మైదానంలో మూడు ఊళ్ళవాళ్ళూ డేరాలు వేసుకున్నారు. కప్పుకి తువ్వాలు చుట్టి నేను పట్టుకున్నాను. నా వెనక నాన్న, ఆయన వెనక అమ్మ, అందరికన్నా వెనక అమ్మమ్మ. టైర్నీ అంకుల్ నవ్వుతూ ఎదురొచ్చి తువ్వాలు తీశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. నేను వల్లె వేసిన ఇంగ్లిష్ అంతా మరిచిపోయి, "మా అమ్మమ్మ తోమింది," అని తెలుగులోనే అన్నాను. నాన్న ముందుకొచ్చి క్షమాపణ మొదలుపెట్టాడు. టైర్నీ అంకుల్ అది వింటున్నట్టు లేడు. కప్పుని అటూ ఇటూ తిప్పాడు, చెక్కిన పేర్లని వేలితో తడిమాడు. లోపల ఫాయిల్‌లో ఉన్న సున్నుండ ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"దీన్ని చర్చిలో పాత సామాన్ల అమ్మకంలో కొన్నాను," అన్నాడు చివరికి. "వెండిదని చెప్పారు. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. గీకి చూసే ధైర్యం లేక ఇన్నేళ్ళూ ఊరుకున్నాను." అప్పుడు ఆయన నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేంత నవ్వు. ఆయన స్నేహితులిద్దరూ నవ్వారు. కప్పుని నెత్తిమీదికెత్తి మూడు ఊళ్ళకీ చూపించాడు. జూన్ ఎండలో అది కళ్ళు చెదిరేలా మెరిసింది. తర్వాత నావైపు వంగి, "వచ్చే ఏడు కూడా తోమిపెడుతుందేమో మీ గ్రాండ్‌మాని అడుగు," అన్నాడు.

అడిగాను. అమ్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని, "ఇత్తడి ఆర్నెల్లకే నల్లబడుద్ది. తోమక చస్తానా," అంది.

ఆ తర్వాత పోటీకి అది ఒక నియమమైపోయింది. ఏ ఊరు గెలిచినా సరే, పోటీకి వారం ముందు కప్పు మా ఇంటికి రావాలి, చింతపండుతో తోమించుకోవాలి, నిండుగా మైదానానికి వెళ్ళాలి. వారం ముందు కప్పు మాకిచ్చేవాళ్ళు కూడా దాన్ని ఖాళీగా తేవడానికి మొహమాటపడి, ఎండుద్రాక్షల రొట్టె ముక్కలో, సముద్రతీరంలో అమ్మే టాఫీలో వేసి తెచ్చేవారు. ఆ ఆదివారం మేం ఓడిపోయిన సంవత్సరాలు కూడా నాకు గెలిచినట్టే గుర్తున్నాయి. బడిలోనూ నాకు నోరు వచ్చింది, ఒకసారి వచ్చాక ఆగలేదని మా టీచర్లు అమ్మకి చెప్పేవారు. అమ్మమ్మ రాలేని ఏళ్ళలో అమ్మ తోమింది. అమ్మమ్మ పోయిన ఏడు నేను తోమాను. సున్నుండలు సరిగ్గా కట్టడం రాలేదు, పొడిపొడిగా రాలిపోయాయి. పిల్లలు చెంచాలతో తిన్నారు.

రెండు నదుల కప్పు చివరిసారి జరిగింది 2015లో. ఒక ఊరు అప్పటికే జట్టు పంపడం మానేసింది. మిగిలిన రెండు ఊళ్ళ పిల్లల్ని కలిపి పంచినా పక్కకి ఏడుగురే తేలారు. నేను కాలేజీనుంచి వచ్చి మైదానానికి సున్నపు గీతలు వేశాను. ఆట అయ్యాక పార్కింగ్‌లో టైర్నీ అంకుల్ కప్పుని నా చేతికిచ్చి, "ఇంకెవరింటికీ ఎందుకులే, నీ దగ్గరే ఉండనీ. జూన్‌లో తోమి తీసుకురా," అన్నాడు.

మరుసటి జూన్‌లో పోటీ లేదు. గోల్‌పోస్టులు పీకేసి అక్కడ టెన్నిస్ కోర్టులు కట్టారు. ఫ్లాస్కు టీ లేదు, నారింజ తొనల డబ్బాలు లేవు, ఆయన స్నేహితులిద్దరూ లేరు. అయినా తోమి తెమ్మన్నాడు కదా అని నేను కప్పుని ఏటా తోమి, నింపి, ఆయన దగ్గరికే తీసుకెళుతున్నాను. ఇప్పుడాయన ట్రెంటన్ దగ్గర ఒక వృద్ధుల హోమ్‌లో ఉంటున్నాడు. ఒక సున్నుండ తింటాడు, మిగతావి నర్సులకి పంచుతాడు, కప్పులో బిస్కెట్ల ప్యాకెట్టో, చాక్లెట్లో వేసి, మళ్ళీ జూన్‌లో తెమ్మని నాకిస్తాడు.

ఈసారి వెళ్ళేసరికి ఆయన బాగా చిక్కిపోయాడు. సున్నుండ అరచేతిలో పెట్టుకుని కొంచెం కొంచెంగా కొరికాడు. మేం మాట్లాడుకున్నవి పాత సంగతులే. నేను లేవబోతుంటే ఆగమని చెయ్యెత్తి, మంచం పక్కనున్న సొరుగులన్నీ వెతికాడు. బిస్కెట్లు లేవు. పర్వాలేదు అంకుల్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "ఖాళీగా పంపిస్తే మీ గ్రాండ్‌మా ఊరుకోదు," అన్నాడు. తర్వాత, కిటికీ గొళ్ళేనికి తగిలించి ఉన్న ఆకుపచ్చ తాడు తీసి, చుట్టచుట్టి, ఆ నల్ల విజిల్‌ని కప్పులో వేశాడు. మళ్ళీ జూన్‌లో తెమ్మని మాత్రం ఈసారి అనలేదు.

కప్పుని పక్క సీట్లో పెట్టి బెల్టు పెట్టాను. ఆష్‌బర్న్ చేరేదాకా ప్రతి మలుపులోనూ విజిల్ దొర్లి ఇత్తడికి తగులుతూనే ఉంది.